కబుర్లు కాలక్షేపము మాత్రమేనా?

బడి విడిచిన పిమ్మట నలుగురు పిల్లలొకచోట చేరి నవ్వుచు మాటలాడుచుండగా చూచి, "ఏమిటా పోసుకోలు కబుర్లు? పుస్తకము తీయరాదా?" అని గద్దింపని పెద్దలు మన పేటలో అరుదు. ఆ గద్దింపు అకారణము కాదు. పరీక్షలు కలవు, మార్కులు కావలెను, ప్రొద్దు చిన్నది. ఐనను, మిత్రులతో తెలుగున చెప్పుకొను కబుర్లు వ్యర్థములు కావనియు, సౌకార్‌పేటవంటి చోట అవి పాఠములతో సమానముగా అవసరమైనవనియు నా యభిప్రాయము.

ముందుగా ఈ పనికి మనవారు పెట్టుకొన్న పేర్లు చూడుడు. పిచ్చాపాటి, లోకాభిరామాయణము, ముచ్చట్లు, కబుర్లు, బాతాఖానీ, ఇష్టాగోష్ఠి! పనిలేని పనికి ఇన్ని పేర్లెందుకు? 'కబురు' అరబ్బీ 'ఖబర్' నుండి వచ్చినది. 'గోష్ఠి' సంస్కృతము, దాని మూలమైన 'గోష్ఠము'నకు ఆవులమంద చేరు చోటని యర్థము. సాయంకాలమున ఆవులు చేరినట్లే మనుష్యులును చేరుదురు కాబోలు! మన ప్రక్కింటి తమిళులు దీనినే 'అరట్టై' యందురు. ఎదురింటి గుజరాతీలు 'గప్పాలు' అందురు. బెంగాలీలు 'అడ్డా' యని గర్వముగా చెప్పుకొందురు. ఏ జాతియు దీనిని వదలుకొనలేదు. మనమేల వదలుకొనవలెను?

ఇక మాటలాడుటకు విషయము లేదనువారెవరైన సౌకార్‌పేటలో నున్నచో, వారు కన్నులు మూసికొని నడచువారై యుండవలెను. ఇచట ఒక్కొక్క వీధికి ఒక్కొక్క వ్యాపారము. అండర్సన్ వీధి అంతయు కాగితమే. గోడౌన్ వీధి అంతయు బట్టలే. కొత్వాల్ చావడి కూరగాయల సంత 1996లో కోయంబేడునకు తరలిపోయినను, తాతగారి నోట ఆ చావడి నేటికిని తరలిపోలేదు. మింటు వీధిని తమిళులు 'తంగశాలై' యందురు. తమిళమున 'తంగము' అనగా బంగారము గనుక, అది బంగారపు ఇల్లని మిత్రుడు వాదింపవచ్చును. మన తెలుగువాడు 'టంకశాల' యను మాటను చూపి, అది నాణెములు ముద్రించు శాల యని బదులు చెప్పవచ్చును. కుంఫిణీవారి టంకశాల యచట నుండెడిది. అది 1869లో మూతపడగా, పిమ్మట ఆ యావరణమున ప్రభుత్వ ముద్రణాలయము వెలసినది. నాణెములు పోయి అక్షరములు వచ్చినవన్నమాట! ఒక్క వీధి పేరుపై ఒక సాయంకాలమంతయు గడుపవచ్చును.

తిండి మాట చెప్పనే అక్కరలేదు. మన పేటలో పుట్టి పేరుగాంచిన 'మురుక్కు శాండ్‌విచ్' నెరుగనివారెవరు? రెండు మురుక్కుల నడుమ పచ్చడి పూసి, దోసకాయ, టమాటా చక్రములు చేర్చి యిత్తురు. మన అమ్మమ్మలు చేయు జంతికలకిది చుట్టమా, కాదా? అమ్మమ్మ దీనిని చూచిన నేమనును? ఇట్టి చిత్రమైన చర్చకు ఏ పాఠ్యపుస్తకమునను తావు లేదు. మిత్రగోష్ఠిలో మాత్రమే కలదు.

ఇదంతయు వేడుకమాట. దీని వెనుక వేడుక కాని మాట ఒకటి కలదు. మన పిల్లలు తరగతిలో తెలుగు చదువుదురు. గంట మ్రోగగనే తమిళమున ఆడుకొందురు. అంగడిలో హిందీ విందురు. ఉద్యోగమునకు ఇంగ్లీషు కావలెనని యింట విందురు. 2006లో తమిళనాడు శాసనసభ చేసిన చట్టముచే, 2006-07 విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో ఆరంభించి ఏటేట పై తరగతులకు తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. తమిళము నేర్చుట మనకు మేలే. ఉన్న ఊరి భాష రానివాడు ఉన్న ఊరిలోనే పరదేశి. కాని బడివేళలో తెలుగునకు చిక్కు భాగమెంత తగ్గునో, బడి వెలుపల దానిని పలుకవలసిన యవసరము అంత పెరుగును.

పద్యమునకు ప్రతిపదార్థము తప్పులేక వ్రాయగల బాలుడు, సంక్రాంతినాడు మేడమీద తన గాలిపటము తెగిపోయిన కథను తెలుగున చెప్పలేక తడబడినచో, అతనికి తెలుగు వచ్చినట్లా, రానట్లా? పరీక్షకు మాత్రము పనికివచ్చు భాష పరీక్షతోనే ముగియును. నవ్వుటకు, అలుగుటకు, గొప్పలు చెప్పుకొనుటకు, ఎగతాళి చేయుటకు పనికివచ్చు భాష జీవితాంతము వెంట వచ్చును. ఇంట పెద్దలతో మాటలాడుటచే ఈ కొరత తీరునందురా? పెద్దలతో మాట సగము "అవును", "లేదు", "సరే" లతోనే ముగియును. సమవయస్కులతోనే మాట పరుగెత్తును.

కబుర్లనుండి సాహిత్యమే పుట్టినదని మరువరాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో చెన్నపట్టణమున దినపత్రిక యైనది. దాని కార్యాలయము మనకు కూతవేటు దూరములోని తంబుచెట్టి వీధిలో నుండెడిది. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి 'సాక్షి' వ్యాసములను తెలుగువారు ఆ పత్రికలో చదివి మురిసిరి. ఆ వ్యాసముల కాధారమేమి? కొందరు మిత్రులొక సంఘముగా చేరి లోకమునుగూర్చి మాటలాడుకొనుటయే! ఆ కల్పనకు ఒరవడి యిచ్చినది 1711లో లండనున ఎడిసన్, స్టీలు అనువారు నడపిన 'స్పెక్టేటర్' పత్రిక. అందును మిత్రమండలి ముచ్చట్లే. జంఘాలశాస్త్రి ఉపన్యాసములను మెచ్చుకొను మనము, మన యింటి జంఘాలశాస్త్రిని నోరు మూయుమనుట న్యాయమా?

"కబుర్లు చాడీలగును గదా?" అని తల్లిదండ్రులడుగవచ్చును. నిజమే. విషయము లేని కబుర్లు పరనింద వైపు జారును. కావుననే విషయముండవలెను. తపాలాబిళ్ళలు కూర్చువాడు ఒక బిళ్ళను తెచ్చి దాని కథ చెప్పవలెను. పాత కానులు దాచువాడు ఒక కానిని చూపవలెను. ముగ్గులు నేర్చిన బాలిక చుక్కల లెక్క వివరింపవలెను. అభిరుచి గలవాని మాటలో చాడీకి చోటు తక్కువ.

"మన పిల్లల తెలుగు సగము తమిళమే, దానిని విని యెవరైన నవ్వుదురు" అని మరికొందరి సంకోచము. నవ్వనిండు! మూడుభాషలవారి నడుమ పెరిగిన పిల్లవాని మాటలో మూడుభాషల వాసన యుండుట దోషము కాదు. తప్పు దిద్దుటకు తరగతి యున్నది. మిత్రగోష్ఠిలో తప్పు పట్టినచో పిల్లవాడు తప్పు మానడు, తెలుగే మానును.

పూర్వము ఇండ్లకు వీధి అరుగులుండెడివి, గోష్ఠులకవియే సభామండపములు. నేడు అరుగులు పోయి అంగళ్ళు వెలసినవి. పిల్లల చేతికి సెల్‌ఫోనులు వచ్చినవి. అందు వ్రాసికొను నాలుగు మాటలనైనను ఇంగ్లీషు లిపిలో గాక తెలుగు లిపిలో వ్రాసికొనినచో, అదియు ఒక చిన్న యరుగే యగును. కాని ముఖాముఖి నవ్వునకు సాటి లేదు. వారమున కొకదినము, బడి ముగిసిన పిమ్మట అరగంటసేపు, మార్కులు లేని, దిద్దుబాటు లేని తెలుగు కబుర్ల గోష్ఠి యొకటి మన పాఠశాలలో నడచుట మంచిది. ఉపాధ్యాయులు వచ్చినచో శ్రోతలుగా రావలెను.

తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే. మీ బిడ్డ ఇల్లు చేరుట అరగంట ఆలస్యమైనచో, కోపించుటకు ముందు "ఏమి కబుర్లు చెప్పుకొంటిరి?" అని తెలుగున అడుగుడు. ఆ బిడ్డ చెప్పు సమాధానమును కడవరకు వినుడు.