లోపాలున్నాయి. అయినా చూడండి, చూసి పోట్లాడండి



పోయిన భాగంలో ఫెలోషిప్పుల గురించి రాశాను. ఈసారి సినిమాల గురించి. "ఉద్యమంలో ఉండి ఈ సినిమాల గోలేంటన్నా" అనే తమ్ముళ్లకు ముందే ఒక మాట చెప్తాను. మన వాడల్లో పుస్తకం చేరని ఇంటికి కూడా సెల్‌ఫోన్ చేరింది. మనం ఎవరమో, మనకేం జరిగిందో అందులో ఎవడో ఒకడు రోజూ చెప్తూనే ఉన్నాడు. ఎవడు చెప్తున్నాడో, ఏం చెప్తున్నాడో పట్టించుకోకుండా ఉద్యమం ఎలా చేస్తాం?

'హోమ్‌బౌండ్', 'ధడక్ 2' చూడమని రెండు హాస్టళ్లలో చెప్పాను. రెండు రకాల జవాబులొచ్చాయి. ఒకటి, "కరణ్ జోహార్ కంపెనీ తీసిన దళిత సినిమా మనకెందుకన్నా, అది వాళ్ల వ్యాపారం." రెండోది మన పక్కన కూర్చుని టీ తాగే ప్రగతిశీల మిత్రులది. "కులం మీద ఇంత పెద్ద సినిమా వచ్చింది కదా, ఇంకా ఏం కావాలి మీకు?" మొదటివాడు సినిమాను చూడకుండానే పారేస్తున్నాడు. రెండోవాడు చూసి చేతులు కడుక్కుంటున్నాడు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

ముందు 'హోమ్‌బౌండ్'. 2025లో వచ్చింది. దర్శకుడు నీరజ్ ఘైవాన్. తాను దళితుణ్ణని బహిరంగంగా చెప్పుకున్న మనిషి, హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు. 2020 లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఊరికి బయల్దేరిన ఇద్దరు మిత్రుల నిజ జీవితం దీనికి ఆధారం. ఒకరు దళితుడు, ఒకరు ముస్లిం. దారిలో ఒకరు జబ్బుపడి కూలిపోతే, రెండోవాడు అతని తలను ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్న ఫొటో దేశమంతా తిరిగింది. బషారత్ పీర్ దాని మీద వ్యాసం రాశారు, సినిమా అక్కడి నుంచి పుట్టింది.

ఇందులో చందన్ అనే కుర్రాడు పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెడతాడు. ఎస్సీ అని రాయడు, జనరల్ అని రాస్తాడు. ఈ ఒక్క విషయం కోసమైనా సినిమా చూడమంటాను. యూనివర్సిటీలో చేరిన మొదటి వారంలో "ర్యాంక్ ఎంత?" అని అడిగితే అది ర్యాంకు కోసం అడిగిన ప్రశ్న కాదని మనలో ఎవరికి తెలియదు? అద్దె గది కోసం వెళ్తే "మీరేమిట్లు?" అని అడిగే ఇంటి ఓనరు ముందు ఎంతమంది ఇంటిపేరు నమిలి మింగలేదు? రిజర్వేషన్ తీసుకోవడం సుఖం అనుకునేవాళ్లకు, ఆ గడిలో టిక్కు పెట్టడానికి ఎంత గుండె కావాలో ఈ సినిమా చూపిస్తుంది. చందన్ తల్లి బడిలో మధ్యాహ్న భోజనం వండితే, ఆమె చేతి వంట మా పిల్లలు తినరని పెద్ద కులాల తల్లిదండ్రులు అడ్డం పడతారు. చందన్ తోడబుట్టిన ఆడపిల్లకు చదువు లేదు, ఇంట్లో ఒక్కరినే చదివించగలిగారు. ఆ ఒక్కడు మగపిల్లాడు. ఆ పిల్ల అతన్ని నిలదీస్తుంది. మన ఇళ్లల్లో ఇంకా అడగని ప్రశ్న అది.

లోపాలు? ఉన్నాయి. సుధ అనే దళిత అమ్మాయి పాత్ర ఉంది. అంబేడ్కర్‌ను చదివిన ఇంటి పిల్ల, చందన్ కంటే స్పష్టంగా ఆలోచిస్తుంది. కథకు అవసరం తీరగానే ఆమెను పక్కన పెట్టేశారు. ఆ పాత్రకు జాన్వీ కపూర్‌ను తెచ్చారు. పోస్టర్ మీద ఒక పెద్దింటి ముఖం ఉంటే తప్ప మన కథకు డబ్బు పుట్టదన్నమాట. ఇంకో పెద్ద లోపం ఏమిటంటే, చివరి అరగంటలో మన కళ్లు నిండిపోతాయి కానీ వేలు ఎటు చూపించాలో తెలియదు. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటించి, అర్ధరాత్రి నుంచి దేశాన్ని మూసేశారు. నాలుగు గంటల గడువు. అది వరదలాగా, పిడుగులాగా వచ్చి పడింది కాదు. ఒక ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. సినిమా దాన్ని దాదాపు విధిలాగా చూపించి ఊరుకుంది.

రెండోది 'ధడక్ 2'. దీని వెనక కథ తెలుసుకుంటే గానీ అసలు సంగతి అర్థం కాదు. నాగరాజ్ మంజులే 2016లో మరాఠీలో 'సైరాట్' తీశాడు. అదంతా కులమే. ఇదే కంపెనీ 2018 జులైలో దాన్ని హిందీలో 'ధడక్' అని తీసి, కులాన్ని దాదాపుగా కడిగేసింది. అదే ఏడాది సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను ఆసుపత్రి బయట, కడుపుతో ఉన్న భార్య కళ్ల ముందే నరికేశారు. డబ్బిచ్చి మనిషిని పెట్టి చేయించిన హత్య. సరిగ్గా రెండు వారాలకు, సెప్టెంబర్ 28న, తమిళంలో మారి సెల్వరాజ్ 'పరియేరుమ్ పెరుమాళ్' విడుదలైంది. కుల హత్యలను ప్రమాదాల్లాగా మార్చే ఒక ముసలాయన ఉంటాడు అందులో. హైదరాబాద్‌లో కూర్చుని ఆ సినిమా చూసినవాళ్లకు అది తమిళ కథ అనిపించలేదు.

ఆ తమిళ సినిమాకే 'ధడక్ 2' హిందీ రీమేక్. ఒకప్పుడు కులాన్ని కడిగేసిన చోటే, ఏడేళ్లకు కులాన్ని పేరు పెట్టి పలకాల్సి వచ్చింది. వాళ్ల మనసు మారిందని నేను అనను. మంజులే, మారి, పా. రంజిత్ లాంటి మనవాళ్లు తీసిన సినిమాలు ఆడాయి, జనం చూశారు. గుమ్మం అవతలి నుంచి తోస్తే తలుపు తెరుచుకుంది. దర్శకురాలు షాజియా ఇక్బాల్ ఒక మంచి పని చేసింది. తమిళంలో ఆ అమ్మాయికి చివరిదాకా ఏమీ తెలియదు, పసిపిల్లలా ఉంటుంది. ఇక్కడ అమ్మాయికి నోరుంది, సొంత ఇంటినే ఎదిరిస్తుంది. స్కాలర్‌షిప్ ఆపేస్తే ప్రాణం తీసుకునే విద్యార్థి నాయకుడి పాత్ర ఒకటి పెట్టారు. అది ఎవరో మనకు చెప్పక్కర్లేదు. 2015 జులై నుంచి రోహిత్‌కు ఫెలోషిప్ అందలేదు. హాస్టల్ నుంచి గెంటేస్తే తోటివాళ్లతో కలిసి వెలివాడ కట్టుకున్నాడు. 2016 జనవరి 17న వెళ్లిపోయాడు. 2024 మేలో పోలీసులు అతను ఎస్సీయే కాదని నివేదిక ఇచ్చారు. గొడవ అయ్యాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. చచ్చిపోయినవాడి కులం మీద కూడా విచారణే!

మరి దీని లోపం? సిగ్గుపడాల్సిన లోపం. తెల్లటి హీరోను తెచ్చి, ముఖానికి రంగు పులిమి నల్లగా చేశారు. దళితుడంటే ఒంటి రంగు అనుకునే బుద్ధి అది. ఆ రంగు పులిమే ఖర్చుతో మన కుర్రాళ్లలో ఒకణ్ణి పెట్టుకోవచ్చు కదా!

మూడోది 'ఫూలే'. నిజం చెప్పాలంటే సినిమాగా సాదాసీదాది. పాఠం చెప్పినట్టు నడుస్తుంది. కానీ దానికి ఏం చేశారో చూడండి. 2025 ఏప్రిల్ 11న, జయంతి రోజున రావాల్సిన సినిమా బ్రాహ్మణ సంఘాల అభ్యంతరాల మధ్య 25కు జరిగింది. 'మహర్', 'మాంగ్', 'పేష్వాయి' అనే మాటలు తీసేయమంది సెన్సార్. మూడు వేల ఏళ్ల బానిసత్వం అన్నచోట ఎన్నో ఏళ్లు అని మార్పించింది. లెక్క తప్పని కాదు, లెక్క చెప్పడమే వాళ్లకు తప్పు. కత్తెర ఎక్కడ పడిందో చూస్తే భయం ఎక్కడుందో తెలుస్తుంది. అందుకే సాదాసీదా సినిమా అయినా ఇది చూడండి.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. చలం కథ. అందులో సంస్కర్తల దయ ఎక్కువ, మన గొంతు తక్కువ. ఒప్పుకుంటాను. కానీ టైటిల్లోనే కులం పేరు ఉంది. 82 ఏళ్లకు, 2020లో, 'కలర్ ఫొటో' వచ్చింది. మచిలీపట్నం ప్రేమకథ. సుహాస్ బాగా చేశాడు, నాకూ కన్నీళ్లొచ్చాయి. కానీ కులం అనాల్సిన ప్రతిచోటా రంగు అన్నారు. 'మాలపిల్ల' నుంచి 'కలర్ ఫొటో' దాకా వచ్చి మనం ముందుకెళ్లామా, వెనక్కెళ్లామా? దానికే ఉత్తమ తెలుగు సినిమాగా జాతీయ అవార్డు వచ్చింది. అదే ఏడాది కరుణకుమార్ 'పలాస 1978' తీశాడు. అది కులాన్ని కులం అనే పిలిచింది. పాట పాడే కుటుంబం కత్తి ఎందుకు పట్టాల్సి వచ్చిందో చెప్పింది. రక్తపాతం ఎక్కువ, ఆడవాళ్ల పాత్రలు గోడ మీది బొమ్మల్లా ఉంటాయి. అయినా పదిమందికి చూపించండి.

"లోపాలున్నా చూడమంటే రాజీ పడమనే కదా?" అని ఒక చెల్లెలు అడిగింది. మంచి ప్రశ్న. కాదమ్మా. చూడకుండా తిడితే ఆ తిట్టుకు విలువ లేదు. మనం చూడకపోతే నష్టపోయేది ఆ కంపెనీ కాదు. వాడు రేపు పొద్దున ఇంకో ప్రేమకథ తీసుకుంటాడు. "ఈ కథలు ఆడవు" అని తలుపు మూసేది మాత్రం కథ రాసుకుని గుమ్మం ముందు నిలబడ్డ మన పిల్లాడి ముఖం మీద. అలాగని చూసి చప్పట్లు కొట్టి రావడం కూడా కుదరదు. వాళ్లు మనకు భిక్ష వేయలేదు. మన చావులే వాళ్లకు కథలయ్యాయి. ఆ కథల్లో మన వాటా అడగాలి. కథలో, కెమెరా వెనక, డబ్బులో.

అందుకని ఒక పని చెప్తాను. హాస్టల్లో ఒక ల్యాప్‌టాప్, ఒక స్పీకర్ చాలు. నెలకొక సినిమా వేయండి. అయిపోగానే లైట్లు వేసి మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి కులం పేరు పలికారు, ఎవరిది మింగేశారు? అమ్మాయికి చివరికి ఏం మిగిలింది? చావుకు కారణమైనవాణ్ణి బోనులో నిలబెట్టారా, వదిలేశారా? జవాబులు రాసి పెట్టండి. మీలో ఒకరు ఆ కాగితం పట్టుకుని రేపు స్క్రిప్టు రాస్తారు. దాంట్లోనూ లోపాలుంటాయి. ఉండనీయండి. అప్పుడు మనవాళ్లే దాన్నీ చూసి పోట్లాడతారు.

వచ్చే భాగంలో వాడల్లో పాట గురించి.

జై భీమ్.