దేశాంతర ముచ్చటలు: వెల వ్రాసిన వీధి

జపాను రాజధానియగు టోకియోలో గింజా యను పేట కలదు. 1612లో నచ్చట వెండి నాణెముల టంకసాల వెలసినందున దాని కా పేరు వచ్చినది. 1872 నాటి అగ్నిప్రమాదమున కాలిపోయి, ఇటుక మేడలతో మరల లేచినది. ముత్యములు, పట్టుబట్టలు, గడియారములు అమ్ము ఘనమైన అంగళ్ళ కది నేడు నిలయము. మేమా వీధిని కన్నులార జూచినవారము కాము. చదివి యెఱిగినది చెప్పుచున్నాము.

అంతటి సిరిగల చోట సామాన్య సంసారి కేమి పని యని మీరడుగవచ్చును. ఏమియు కొనకయే ఆ వీధిని విహరించుటకు 'గింబురా' అను మాటయే వారి భాషలో కలదు. 1970 నుండి శని, ఆదివారములందు మధ్యాహ్నము వాహనముల నాపి, పెద్దవీధిని నడచువారికే విడుచుచున్నారు. కిమురయా అను రొట్టెల అంగడివారు 1874లో కల్పించిన 'అంపాన్' ఇప్పటికిని దొరకును. మన బొబ్బట్టులోని పూర్ణమువలె, ఎఱ్ఱని గింజల తీపిముద్దను రొట్టెలో నిమిడ్చి కాల్చుదురు. పెక్కు భోజనశాలలవారు వంటకముల బొమ్మలను గాజుకిటికీలో నుంచి, ప్రక్కనే వెల వ్రాయుదురు. రాత్రి భోజనముకంటె మధ్యాహ్న భోజనము మిక్కిలి చవుక.

వెల వ్రాయు నీ మర్యాద ప్రాచీనమైనది. 1930లో గింజాలో శాఖ తెఱచిన మిత్సుకోషి వారి మూలపు అంగడి ఎచిగోయా. మిత్సుయి తకతోషి యను వర్తకుడు 1673లో దానిని అదే నగరమున స్థాపించెను. అప్పటి వస్త్రవర్తకులు ధనికుల యిండ్లకు సరకు గొనిపోయి, మనిషినిబట్టి వెల చెప్పి, బాకీ తరువాత రాబట్టుకొనువారు. ఇతడో, రొక్కమునకే అమ్మకము, అందఱికి నొక్కటే వెల యని చాటెను. అతని తల్లి షుహో వ్యాపారమున కడు దక్షురాలని ప్రసిద్ధి.

బేరమాడ నేర్చినవారికి వెల వ్రాయకున్నను చింతలేదు. సిగ్గరియగు క్రొత్తకోడలు, లెక్కపెట్టి యిచ్చిన డబ్బుతో వచ్చిన పిల్లవాడు, నెలజీతముపై కాలక్షేపము చేయు మాబోటి బడిపంతుళ్ళ యిల్లాండ్రు, వీరికి వ్రాసిన వెలయే గౌరవము. చూచి, తమ శక్తికి మించినదైనచో, ఎవ్వరికిని సంజాయిషీ చెప్పక మఱలిపోవచ్చును.

ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆ పేట తీరు మాఱును. పచ్చిచేపలతో అన్నపుముద్దలు చేసి పెట్టు గొప్ప సుషీ శాలలు కొన్నింట వెలకు మారుగా 'జికా', అనగా 'అప్పటి వెల', అను మాట మాత్రమే వ్రాసియుండును. గొప్ప క్లబ్బులలో నదియు నుండదు. ఎఱిగినవారు వెంట దోడ్కొని రానిదే క్రొత్తవారి నచ్చట రానీయరు. వానిని నడుపు స్త్రీని 'మామా' యందురు; అమ్మ యని యర్థము. అతిథులు త్రాగినదానికి పద్దు వ్రాసి, రొక్కము తరువాత పుచ్చుకొందురు. వారు బాకీ యెగవేసినచో, వారికి మర్యాదలు చేసిన యువతియే దానిని చెల్లింపవలెనను కట్టుబాటు అనేక స్థలములలో నుండుట కలదు. పట్టు కిమోనో ధరించి నవ్వుచు పానపాత్ర నింపు నామె, పరుల అప్పునకు పూటయై యున్నదని చూచువారి కెట్లు తెలియును?

ఆ యువతులను నిందించుటకు మాకు మనసొప్పదు. వెల దాచిన చోట నష్టము తుదకు మోయలేనివారి తలపై బడునని మాత్రము గ్రహింతము. మన యూరి అంగడిలోను, "మీకు తెలియనిదా అమ్మా, తరువాత చూచుకొందము" అను తీయని మాట వినబడినప్పుడు, మూట విప్పకముందే వెల యడుగుడు. పద్దు వచ్చిననాడు దానిని తీర్పవలసినది మనమే గదా!