బంద్‌ అందరిదీ.. ఓటు కొందరిదే!
కళాశాలల యాజమాన్య సంఘాలకు నిబంధనావళే ప్రాణం

నల్గొండ: 2025 నవంబర్‌ 3 నుంచి తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా, డిగ్రీ కళాశాలలు బంద్‌ పాటించాయి. బోధన రుసుముల బకాయిలు విడుదల చేయాలంటూ ఉన్నత విద్యాసంస్థల సంఘాల సమాఖ్య ‘ఫతి’ ఇచ్చిన పిలుపు అది. ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్కతో చర్చల అనంతరం 7వ తేదీన విరమించారు. బకాయిల సంగతి అలా ఉంచితే, కళాశాలను మూయమని చెప్పే అధికారం సంఘానికి ఎక్కడి నుంచి వస్తుంది? చర్చలకు వెళ్లే ప్రతినిధిని ఎన్నుకునేది ఎవరు? జిల్లా యాజమాన్యాల్లో ఎందరు ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబివ్వగలరన్నది సందేహమే.

దేవరకొండలోనో హుజూర్‌నగర్‌లోనో అద్దె భవనంలో నడిచే డిగ్రీ కళాశాల ఒంటరిగా సచివాలయం మెట్లెక్కలేదు. 2008-09లో బోధన రుసుముల పథకం మొదలైన నాటి నుంచి ఇలాంటి కళాశాలల ఆదాయం ప్రభుత్వ ఖజానాతో ముడిపడింది. కనుక సంఘం అవసరమే. అయితే సంఘంలో సభ్యుడెవరన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. కళాశాలను నడిపేది ఏదో ఒక సొసైటీ లేదా ట్రస్టు. ఒకే సొసైటీ కింద అయిదు కళాశాలలుంటే ఓటు ఒకటా, అయిదా? కళాశాలకో ఓటు అంటే శాఖలున్న పెద్ద సంస్థలదే పైచేయి. యాజమాన్యానికో ఓటు అంటే, ఎక్కువ చందా కట్టేది తామేనని అవి అలుగుతాయి. దీనికి జవాబు సంఘం నిబంధనావళిలోనే ఉండాలి. అది రాసుకున్న రోజున ఎవరూ పట్టించుకోరు, ఎన్నికల రోజున అందరూ వెతుకుతారు.

చందా విషయం మరీ విచిత్రం. మూడు నెలలకు మించి చందా బకాయి పడిన వ్యక్తికి ఓటు లేదని, అతన్ని సభ్యుడిగా లెక్కించరాదని 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్‌ చట్టం చెప్పింది. సూత్రం సబబైనదే. కానీ ప్రభుత్వం నుంచి రుసుములు రాక, అధ్యాపకులకు జీతాలివ్వలేని చిన్న కళాశాల సంఘానికి చందా ఎలా కడుతుంది? బకాయిల కోసం పోరాడే సంఘంలో బకాయి పేరిటే ఓటు పోతే, అలాంటి కళాశాల గోడు వినిపించేదెవరు?

సమాఖ్యల్లో దూరం మరింత పెరుగుతుంది. కళాశాల జిల్లా శాఖలో, జిల్లా శాఖ రాష్ట్ర సంఘంలో, రాష్ట్ర సంఘం సమాఖ్యలో భాగమయ్యేసరికి మిర్యాలగూడ కరస్పాండెంట్‌ అభిప్రాయం మూడు గుమ్మాలు దాటాలి. బంద్‌ పిలుపు మాత్రం పై నుంచి ఒక్క వాట్సప్‌ సందేశంతో దిగుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం తరువాత 15 రోజుల్లో కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు అందజేయాలి. సంఘం చీలి రెండు వర్గాలూ చెరో జాబితా ఇస్తే? ఎవరిది అసలుదో తేల్చడం రిజిస్ట్రారు పని కాదు. 23వ సెక్షన్‌ కింద మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, లేదా జిల్లా కోర్టును ఆశ్రయించాలి. అక్కడ వాయిదాలు సాగుతుంటే విద్యా సంవత్సరం ఆగదు.

సభ్యత్వం ఎంత కీలకమో సుప్రీంకోర్టు 2003లోనే సూచించింది. ఇస్లామిక్‌ అకాడమీ కేసులో, ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు సొంత ప్రవేశ పరీక్ష పెట్టుకోవాలంటే రాష్ట్రంలో ఆ తరహా కళాశాలలన్నీ ఉన్న సంఘం ద్వారానే జరపాలని పేర్కొంది. కొందరి సంఘం అందరి పేరిట నిర్ణయాలు చేయరాదన్న భావం అందులో ఉంది.

బంద్‌ వంటి నిర్ణయానికి సర్వసభ్య సమావేశంలో రహస్య ఓటింగు జరపడం, ఓటర్ల జాబితాను ముందుగా జిల్లా శాఖల్లో ప్రదర్శించడం, ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రతిని ప్రతి సభ్య కళాశాలకూ పంపడం పెద్ద ఖర్చుతో కూడిన పనులేమీ కావు. వచ్చిన నిధుల్లో ఏ తరహా కళాశాలకు ఎంత దక్కిందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇక విద్యార్థికి ఈ సంఘాల్లో సభ్యత్వమూ లేదు, ఓటూ లేదు. రుసుము రాలేదన్న కారణంతో కళాశాల సర్టిఫికెట్లు ఆపినప్పుడు అతను మొరపెట్టుకునే చోటు ఏ సంఘం నిబంధనావళిలో ఉందో యాజమాన్యాలే చెప్పాలి.