మంచుకొండల మీద ఎవరి బరువు ఎవరు మోస్తున్నారు?

శీతాకాలం సెలవులు దగ్గర పడగానే మా యూనివర్సిటీ హాస్టల్‌లో కేదార్‌కంఠ ట్రెక్కింగ్ ముచ్చట్లు మొదలవుతాయి. ఉత్తరాఖండ్ మంచులో నాలుగైదు రోజుల నడక. రైలు టికెట్లు, బూట్లు, జాకెట్, గైడ్ ఖర్చు అన్నీ లెక్కేసుకుని, ఫెలోషిప్ ఎప్పుడు పడుతుందో తెలియని మేం ఊరుకుంటాం. నడవడానికి డబ్బు కడతారని చెబితే ఇంట్లో అమ్మలు నవ్వుతారు. వాళ్లు బతుకంతా నడిచారు, నెత్తిన బరువుతో.

అందుకే మంచుకొండల నడక గురించి మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు వేయాలి. అక్కడిదాకా ఎవరు వెళ్లగలుగుతున్నారు? వాళ్ల సామాను ఎవరు మోస్తున్నారు? 2014 ఎవరెస్ట్ సీజన్ ఈ రెండింటికీ జవాబు చెబుతుంది.

ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు ఐస్‌ఫాల్‌లో మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. డబ్బు కట్టి వచ్చిన పర్వతారోహకుల కోసం దారి వేస్తూ, సామాను మోస్తూ ఉన్నవాళ్లు వాళ్లు. ఒక్కో కుటుంబానికి ప్రభుత్వం మొదట ప్రకటించింది 40 వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు తిరగబడ్డారు. ఈ సీజన్‌లో ఎక్కబోమన్నారు. ఆ వైపు యాత్రలు దాదాపుగా నిలిచిపోయాయి. బీమా మొత్తం పెంచడానికి ప్రభుత్వం ఒప్పుకోక తప్పలేదు.

అదే సీజన్‌లో, మే 25న, టిబెట్ వైపు నుంచి మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ శిఖరం చేరారు. పూర్ణ నిజామాబాద్ జిల్లా లంబాడా బిడ్డ, అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఆనంద్ ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడఖ్ దాకా సాగింది.

ఈ విజయాన్ని మనం ఎక్కువగా పట్టుదల కథగానే చెప్పుకుంటున్నాం. పట్టుదల మన వాడల్లో ఎప్పుడూ ఉంది. అప్పుడు కొత్తగా కలిసింది ప్రభుత్వ డబ్బు, కోచ్, మంచి తిండి, పిల్లల్ని నమ్మిన అధికారులు. కూలి కుటుంబాల పిల్లల్ని ఎవరెస్ట్ ఎక్కించింది ప్రజల సొమ్ముతో నడిచే గురుకులం. కాబట్టి గురుకులాలకు నిధులు తగ్గినా, మెస్‌లో తిండి పాడైనా, అది ఆ శిఖరం దారిని మూసేయడమే. ఇద్దరి ఫొటో గోడకు తగిలించి మిగతా లక్షల మందిని మరిచిపోతే ఆ ఫొటో కూడా ఒక సాకుగా మిగులుతుంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. పూర్ణ, ఆనంద్ వెంట కూడా షెర్పాలు నడిచారు. మన గర్వం వెనకా ఇంకొకరి శ్రమ ఉంది. బరువు మోయడం తెలిసిన జాతులుగా ఆ శ్రమకు విలువ అడగాల్సింది ముందుగా మనమే.

మా డిమాండ్లు రెండు. పర్వతారోహణ శిక్షణ ప్రతి జిల్లా గురుకుల విద్యార్థికీ అందాలి, ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక నిధుల నుంచే దానికి ఖర్చు పెట్టాలి. హిమాలయ దారుల్లో పోర్టర్లకు బరువు పరిమితి, బీమా, చలిని ఆపే బట్టలు చట్టబద్ధంగా దక్కాలి. మన పిల్లలు కొండెక్కే రోజున వాళ్ల పక్కన నడిచే కూలీ కూడా క్షేమంగా ఇల్లు చేరాలి.