కీ పెద్దదైతే చాలదు బాస్!

‘‘నాలుగు లైన్ల కోడ్ రాస్తే 2048 బిట్ల కీ వచ్చేసింది. ఇక నా యాప్ సేఫే కదా అన్నా?’’ ఇంజినీరింగ్ తమ్ముళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. కీ సైజు చూసి మురిసిపోకండి, అదెలా పుట్టిందో చూడండి అంటాన్నేను.

తెరిచి ఉన్న తాళం కప్పల్ని ఊరంతా పంచారనుకోండి. ఎవరైనా పెట్టెలో ఉత్తరం పెట్టి, కప్ప నొక్కి మీకు పంపొచ్చు. తెరిచే తాళంచెవి మాత్రం మీ మొలతాడుకే ఉంటుంది. ఆ కప్పే పబ్లిక్ కీ, చెవి ప్రైవేట్ కీ.

ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో ఈ జతని తయారుచేయడానికి లైబ్రరీ రెండు భారీ ప్రధాన సంఖ్యల్ని ఎంచుకుని గుణిస్తుంది. 2048 బిట్ల కీ అయితే ఆ లబ్ధంలో 617 అంకెలుంటాయి! దాన్ని విడగొట్టడం ఇప్పటి కంప్యూటర్ల వల్ల కాదు. కానీ ఒక షరతు... ఆ రెండు సంఖ్యల్నీ ఎవరూ ఊహించలేనంత గుడ్డిగా, పాచికలు వేసినట్టు ఎంచుకోవాలి.

పాచిక పాడైతే? 2006లో డెబియన్ లినక్స్‌లో అదే జరిగింది. ఏవో వార్నింగులొస్తున్నాయని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ కోడ్‌లో రెండు లైన్లు తీసేశారు. దాంతో పాచికలకు ఆధారంగా ప్రాసెస్ నంబరు ఒక్కటే మిగిలింది. ఫలితం... ఒక్కో రకం కంప్యూటర్‌లో ఒక్కో సైజుకి పుట్టగలిగేవి 32,767 కీలే! వాటన్నిటినీ ముందే తయారుచేసి పెట్టుకుంటే చాలు, దొంగ పని అయిపోయినట్టే. 2008 మేలో ఇది బయటపడేదాకా ఎర్రర్ మెసేజ్ ఒక్కటీ రాలేదు. కీలు మామూలుగానే పనిచేశాయి. భయపడాల్సింది అక్కడే.

అందుకే సొంత తెలివి వద్దు. పైథాన్‌లో అయితే ‘క్రిప్టోగ్రఫీ’ లైబ్రరీ ఇచ్చే ఫంక్షన్‌నే వాడండి. అది ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి యాదృచ్ఛిక సంఖ్యలు తీసుకుంటుంది. ‘రాండమ్’ మాడ్యూల్ ఆటలకి ఓకే, కీలకి పనికిరాదు. లైబ్రరీని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయండి. ప్రైవేట్ కీని పాస్‌వర్డ్ పెట్టి దాచండి.

ఇంకో మాట. ఈరోజే మీ గిట్‌హబ్ ప్రాజెక్టు తెరిచి, ప్రైవేట్ కీ ఫైలు అందులోకి ఎక్కిందేమో చూడండి. ఎక్కితే డిలీట్ చేసి ఊరుకోవద్దు, పాత హిస్టరీలో అది అలాగే ఉంటుంది. వెంటనే కొత్త జత తయారుచేసుకుని, పాతదాన్ని వాడకం నుంచి తీసేయండి.