గాజు తొట్టిలో ఆరు చేపలు



ఈ నెల మన శీర్షికలో చేపలను గూర్చి వ్రాస్తున్నామంటే కొందరు నవ్వుకొనవచ్చు. అయితే మన సంఘములలో అనేకుల పిల్లలు ఇప్పుడు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలోనే కాపురముంటున్నారు. పండుగకు ముందో వెనుకో ఆవకాయ జాడీ, కొత్త బియ్యపు మూట పట్టుకొని మనము బస్సెక్కి వారి యిండ్లకు వెళ్లి వస్తున్నాము. వెళ్లినచోట ఊరుకోక సలహాలు కూడా చెప్పి వస్తాము. అలా ఒక సలహా చెప్పి మేము చేసిన నష్టమును గూర్చియే ఈ మాటలు.

మా పెద్దవాడు, కోడలు ఇద్దరూ హైటెక్ సిటీలో ఉద్యోగస్థులు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు ఆ చుట్టుపట్ల ఎక్కువగా కనిపించినవి బండరాళ్లు, తుప్పలే. ఇప్పుడు ఆకాశము చూడాలంటే తల బాగా ఎత్తాలి. వారి ఇల్లు అయిదవ అంతస్తులో. మా మనవరాలు బడి నుండి వచ్చి, తల్లి వచ్చేదాకా పనిమనిషితో కూర్చుంటుంది. కుక్కపిల్ల కావాలని ఏడ్చిందట. ఆ ఇంట్లో అది కుదరదు గనుక చేపల తొట్టికి ఒప్పుకున్నారు.

తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. సుమారు 250 లీటర్ల నీరు పడుతుంది. అంటే నీటి బరువే రెండున్నర క్వింటాళ్లు. అందుకని గోడవారగా ఇనుప బల్ల చేయించి దాని మీద నిలిపారు. మనవరాలు కోరినవి మామూలు బంగారు చేపలు కావు, డిస్కస్ చేపలు. వీటి సొంత ఊరు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతము. శాస్త్రజ్ఞుడు హెకెల్ 1840లో వీటిని లోకమునకు వివరించాడు. పళ్లెమువలె గుండ్రముగా, పలుచగా ఉండి, నీలము, ఎరుపు, పసుపు చారలతో ఉంటాయి. మన దుకాణములలో దొరికేవి అడవి నీటిలో పట్టినవి కావు, తొట్లలో పెంచినవే. మా ఇద్దరిలో వంటింటి పెద్ద వాటిని చూడగానే అడిగిన మొదటి మాట, "ఇవి పులుసుకు వస్తాయా?" అని. ఒక్క పిల్ల ధరతో మా ఊళ్లో ఇంటిల్లిపాదికీ కొరమీను పులుసు పెట్టవచ్చని తెలిసి ఊరుకుంది.

ఇక మా తప్పు. మేము వెళ్లేటప్పటికి తొట్టిలో నీరు పోసి ఎనిమిది దినములైంది. మోటారు తిరుగుతున్నది, దీపము వెలుగుతున్నది, చేపలు మాత్రము లేవు. ఆ శనివారము ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాము. నలుగురు వచ్చే ఇంట్లో వట్టి నీళ్ల తొట్టి ఏమి బాగుంటుంది, చేపలు తెమ్మన్నాము. మావాడు ఒక్కసారి అన్నాడు, "ఇంకా నెల రోజులు ఆగాలి నాన్నా" అని. "నీళ్లు తేటగానే ఉన్నాయి కదరా" అన్నాము. వాడు మరి మాటాడలేదు. శుక్రవారము సాయంత్రము ఆరు పిల్లలను తెచ్చాడు.

శనివారము అందరూ చూచి సంతోషించారు. సోమవారమునకు చేపల రంగు మసిబారింది. మంగళవారము పైకి వచ్చి నోళ్లు తెరచి గాలి మింగడము మొదలుపెట్టాయి. గురువారమునకు మూడు పోయాయి. తరువాతి శనివారమునకు తొట్టి ఖాళీ. "తాతయ్యా, మనము రోజూ అన్నము పెట్టాము కదా, ఎందుకు చచ్చిపోయాయి?" అని పిల్ల అడిగితే మావద్ద జవాబు లేకపోయింది.

కొల్లేటి వైపు చేపల చెరువులు చేసే మా సంఘ పెద్ద ఒకాయనకు ఫోను చేశాము. ఆయన విని, "అయ్యగారూ, చెరువు తవ్విన రోజే ఎవరైనా పిల్లను వదులుతారా?" అన్నారు. చెరువుల మీద బ్రతికే మన పాఠకులకు ఇది చెప్పనక్కరలేదు. సున్నము చల్లి, ఎరువు వేసి, నీటికి పచ్చని రంగు వచ్చేదాకా ఆగి, అప్పుడే సీడు వదులుతారు. ఆదికాండము మొదటి అధ్యాయములోనూ నీళ్లు ఒకచోట కూర్చబడినది మూడవ దినమున, చేపలు కలిగినది అయిదవ దినమున. ఎన్నిసార్లు బోధించామో ఆ అధ్యాయము!

ఆయన చెప్పినది, తరువాత మావాడు విడమరచినది ఇది. చేప మొప్పల నుండి, దాని మలము నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. అది చేప మొప్పలను కాలుస్తుంది. నీరు ఎంత వెచ్చగా, ఎంత క్షారముగా ఉంటే దాని విషము అంత ఎక్కువ. పాత తొట్టిలోనైతే స్పాంజిని, గులకరాళ్లను పట్టుకొని రెండు జాతుల సూక్ష్మజీవులు ఉంటాయి. ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. రెండవది దానిని నైట్రేట్‌గా మారుస్తుంది, అది అంత హాని చేయదు, నీరు మార్చినప్పుడు పోతుంది. కొత్త తొట్టిలో ఈ జీవులు లేవు. నీరు అద్దమువలె తేటగా ఉండి కూడా చంపుతుంది. కంటికి కనబడదు, వాసన తెలియదు.

అయితే ఏమి చేయాలి? పాలు తోడుపెట్టే గృహిణులకు ఇది సుళువుగా తెలుస్తుంది. ఎవరి తొట్టియైనా ఆరోగ్యముగా నడుస్తుంటే దానిలోని పాత స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకొని మన ఫిల్టరులో పెట్టాలి. అదే తోడు. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత నీటిలో వేస్తే అది కుళ్లి, అమ్మోనియా పుట్టి, ఆ జీవులకు ఆహారమవుతుంది. తోడు లేకపోతే నాలుగు నుండి ఆరు వారములు పడుతుంది, ఉంటే ఇంకా త్వరగా కావచ్చు. రోజులు లెక్కపెట్టుకొని నమ్మకూడదు. చుక్కలు వేసి రంగు చూచే టెస్ట్ కిట్ దుకాణములో దొరుకుతుంది. మేత వేస్తున్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపినప్పుడే తోడుకున్నట్టు. తరువాత ఆ స్పాంజిని కుళాయి క్రింద కడిగారా, క్లోరిన్ తగిలి ఆ జీవులన్నీ చస్తాయి. తొట్టిలోనుండి తీసిన నీటిలోనే పిండాలి.

హైదరాబాదు నీటిని గూర్చి ఒక మాట. కుళాయి నీరు కృష్ణా, గోదావరి, మంజీరా నదుల నుండి క్లోరిన్ కలిపి వస్తుంది. దానిని ఒక దినము గాలి బుడగలతో తిప్పి ఉంచాలి, లేదా హైపో కలపాలి. ఫొటో స్టూడియోలలో వెనుకట వాడినదే ఈ హైపో. బోరు నీరు, ఎండాకాలము ట్యాంకరు తెచ్చే నీరు తరచుగా కఠినమైనవి. డిస్కస్‌కు మెత్తని నీరు కావాలి గనుక మావాడు వంటింటి ఆర్‌ఓ నీరు సగము కలుపుతున్నాడు. ఆర్‌ఓ నీరు ఒక్కటే పోస్తే అందులో లవణములు లేక నీటి గుణము ఒకచోట నిలువదు. వేడి 28 నుండి 30 డిగ్రీల మధ్య ఉండాలి. డిసెంబరు, జనవరి రాత్రులలో హీటరు లేకుండా ఈ చేపలను ఉంచడము క్రూరత్వమే. నీరు తీసేముందు హీటరు స్విచ్చి ఆపడము మరచిపోకండి, అది పగులుతుంది. పిల్లల చేతులు నీటిలో ఉన్నప్పుడు మరీ జాగ్రత్త.

రెండవసారి ఆరు వారములు ఆగారు. వట్టి తొట్టి ఎదుట కూర్చొని మనవరాలు రోజూ కిట్ రంగులు నోటు పుస్తకములో వేసుకొన్నది. మళ్లీ ఆరు పిల్లలను, ఒకే పరిమాణము గలవాటిని, ఒకే రోజున తెచ్చారు. ఒకటి రెండు తెస్తే ఎందుకు చాలదంటే, ఇవి గుంపుగా బ్రతికే జీవులు, గుంపులో పెద్దరికముల కొరకు పోట్లాట ఉంటుంది. తక్కువ ఉంటే బలహీనమైన ఒక్కదానినే అన్నీ పొడిచి మేత దగ్గరకు రానియ్యవు. ఆరు ఉంటే ఆ దెబ్బలు పంచుకొనబడతాయి. దీపము ఆర్పి, సంచిని పావుగంట నీటి మీద తేలనిచ్చి, తొట్టి నీరు కొంచెము కొంచెముగా అందులో కలిపి, తరువాత చేపలను మాత్రము వలతో తీసి వదిలారు. సంచిలోని నీరు పారబోశారు. మొదటి దినములలో అవి నల్లబడి మూలన దాగుతాయి, మేత ముట్టవు. కంగారుపడి మందులు పోయకూడదు. మేత కొద్దికొద్దిగా పెట్టి, మిగిలినది పది నిమిషములలో తీసివేయాలి. మురుగునీటిలో పెరిగే ఎర్రని సన్న పురుగులను అమ్ముతారు, వాటితో రోగములు వస్తాయి, వద్దు. వారమునకు రెండుసార్లు నాలుగవ వంతు నీరు మార్చాలి.

అద్దము శుభ్రము చేస్తుందని దుకాణదారుడు ఒక సక్కర్ చేపను అంటగట్టబోయాడట. మావాడు వద్దన్నాడు. అది రాత్రివేళ డిస్కస్ ఒంటికి అంటుకొని జిగురు పీలుస్తుంది. పెద్దదైన తరువాత జనము దానిని చెరువులో పడవేస్తారు. మన జాలరి సహోదరులు దెయ్యపు చేప అని పిలిచి తిట్టుకొనేది దీనినే, వలలు చింపేది ఇదే. పట్టణములోని ఒక తొట్టి నుండి పల్లెలోని వల దాకా దారి ఉన్నది గనుక, తొట్టి చేపను ఎన్నడూ చెరువులోను, కాలువలోను వదలకండి.

జిగురు అన్నాము గనుక మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి కూడా వ్రాస్తాము. డిస్కస్ పిల్లలు పుట్టిన తరువాత తల్లి ఒంటి మీది జిగురును తిని పెరుగుతాయి. తల్లిదే కాదు, తండ్రిది కూడా. ఇద్దరూ వంతులు వేసుకొని మేపుతారు. ఆ జిగురులో మాంసకృత్తులు, రోగనిరోధక పదార్థములు ఉంటాయని 2010లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేలింది. మొదటి రెండు వారములు తలిదండ్రులు కదలక పిల్లలకు ఒళ్లప్పగించి ఉంటారు. సుమారు మూడవ వారము నుండి కొంచెము కొంచెము దూరముగా ఈదిపోవడము మొదలుపెడతారు. పిల్లలు వెంటపడినా ఆగరు.

మావాడికి ముప్పది అయిదేండ్లు. ఆ శుక్రవారము వాడు సరిగానే చెప్పాడు, చదివి తెలిసికొనే చెప్పాడు. మా మాట కాదనలేక దుకాణమునకు వెళ్లాడు. తరువాత ఆ సంగతి ఒప్పుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఒప్పుకొన్న రోజున వాడు, "పోనివ్వండి నాన్నా" అని మాట మార్చి, నీటి కిట్ లెక్క చెప్పసాగాడు.

ఈ రెండవ గుంపులో అయిదు చేపలు వారము లోపలే మేతకు వచ్చాయి. ఆరవది, గోధుమరంగుది, మూలను వదలలేదు. ఫోనులో ఆ మాట విని ఉప్పు వేయండి, వేడి పెంచండి అని చెప్పబోయి, మేము ఊరుకొని, "అలాగా" అన్నాము. తొమ్మిదవ రోజు సాయంత్రము మనవరాలే ఫోను చేసింది. "నానమ్మా, అది తిన్నది."