నెత్తురొచ్చే చోటే తోమాలి

"పళ్ళు తోముకుంటే నెత్తురొస్తాంది, అందుకే ఆ పక్క తోమను." ఆలూరు వైపు పల్లెల్లో ఈ మాట కొత్త కాదు. పుండైన చోట చెయ్యి పెట్టకూడదన్న జాగ్రత్తతోనే అంటారు. చిగురు దగ్గర మాత్రం ఆ జాగ్రత్తే పన్నుకు చేటు తెస్తుంది.

నెత్తురు సాధారణంగా బ్రష్షు తెచ్చేది కాదు. పన్నూ చిగురూ కలిసే అంచున మెత్తగా పేరుకున్న పాచి తెచ్చేది. పాచి నిండా సూక్ష్మక్రిములే. వాటి మీద ఒళ్ళు చేసే యుద్ధానికి చిగురు ఎర్రబడి, వాచి, తాకితే చాలు నెత్తురు కారుతుంది. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోమడం మాన్పించి చూశారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపే అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వారం రోజులకల్లా తగ్గాయి. మందూ లేదు, సూదీ లేదు.

ఆ లో గారే తర్వాత శ్రీలంక తేయాకు తోటల కూలీలు 480 మందిని 1970 నుంచి పదిహేనేళ్ళు గమనించారు. పళ్ళు శుభ్రం చేసుకునే అలవాటు లేనివాళ్ళు. వందలో ఎనిమిది మందికి జబ్బు మహా వేగంగా ముదిరింది. 45 ఏళ్ళు వచ్చేసరికి వాళ్ళ పళ్ళు దాదాపు అన్నీ పోయాయి. వందలో ఎనభై మందికి పైగా నెమ్మదిగా దెబ్బతిన్నారు. మిగిలిన పదకొండు మందికి మాత్రం చిగురు వాపు దాటి ముదరలేదు. నాకు ఆ కూలీలను తలచుకుంటే మనవాళ్ళే గుర్తొస్తారు. వానలు మొహం చాటేసిన ఏడాది ఆలూరు, ఆదోని, పత్తికొండ పల్లెలు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, బయలుదేరతాయి. గుంటూరు వైపు మిరప చేలల్లో నెలల తరబడి గుడారాల బతుకు. మూటలో బియ్యం, గిన్నెలు, దుప్పట్లు ఉంటాయి. ఇంటిల్లిపాదికీ తలా ఒక బ్రష్షు కూడా ఉండాలని నా కోరిక. నీళ్ళ కరువు ఇక్కడ అడ్డు కాదు, ఒక చెంబు చాలు.

మన దగ్గర పన్ను పోవడమంటే తిండి పోవడమే. జొన్నరొట్టె నమలడానికి గట్టి పళ్ళు కావాలి. నడివయసులోనే రొట్టెను పులుసులో నానబెట్టుకునే మనిషిని చూసి "వయసైపోయింది" అంటుంటే నాకు కోపం వస్తుంది. వయసు ఒక్కటే చేసిన పని కాదది. ఏళ్ళ తరబడి కదలని పాచి రాయిలా గట్టిపడి, చిగురును కిందికి తోసి, పంటిని పట్టుకున్న ఎముకను కరిగించింది. కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు.

అందుకే రాత్రి తోముకోవడం గురించి పట్టుబడుతున్నాను. పొద్దున అందరం తోముకుంటాం. నిద్రలో లాలాజలం తగ్గి క్రిములకు రాత్రంతా పండగే. మెత్తని కుంచె ఉన్న బ్రష్షును చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, నెమ్మదిగా, రెండు నిమిషాలు. లోపలి వైపు మరవద్దు. వేపపుల్లను తక్కువ చెయ్యను, బాగా నమిలి మెత్తబడ్డాక వాడితే మేలే. పళ్ళ సందుల్లోకి, లోపలి వైపుకు అది సరిగా అందదు. ఇటుకపొడి, బొగ్గు, ఇసుక మాత్రం వద్దు. పళ్ళ మీది పెంకు అరిగిపోతుంది. పొగాకు కలిపిన పళ్ళపొడిని దేశమంతటా 1992లోనే నిషేధించారు. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకు ఇంకో మోసం ఉంది: పొగ వల్ల నెత్తురు తక్కువగా వస్తుంది, జబ్బు లోలోపల ముదురుతుంది.

ఇక, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం. అప్పటికే ఊగుతున్న పంటిని గార పట్టి నిలిపి ఉంచుతుంది, గార తీయగానే ఆ ఊగుడు బయటపడుతుంది. క్లీనింగ్ తెచ్చిన రోగం కాదది. గట్టిపడిన గార ఇంట్లో బ్రష్షుకు రాదు, పళ్ళ డాక్టరే తీయాలి.

షుగరు ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు ఎక్కువ, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగరు అదుపు తప్పడం ఎక్కువ. ప్రభుత్వాసుపత్రిలో షుగరు పరీక్షకు వచ్చిన ప్రతి మనిషి నోరూ ఒకసారి తెరిపించి చూడండని వైద్య సిబ్బందికి నా విన్నపం. గర్భిణులకూ అంతే, ఆ నెలల్లో చిగుళ్ళు తేలిగ్గా వాస్తాయి. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఒక టార్చిలైటు చాలు.